ఒక్కరి సగటు

ఆరు వాటాల ఇల్లు. ఐదింటికి తాళం.
గోర్లిట్స్‌లో నది ఒడ్డు వీధి, నవంబరు,
నాలుగింటికే దీపాల వేళ.
మూడో అంతస్తులో ఎడమవైపు కిటికీ
ఒక్కటే వెలుగుతోంది.

నా పని చిన్నది.
మూడేళ్ల గ్యాసు లెక్క కూడి,
చదరపు మీటర్లతో భాగించి,
పచ్చ నుంచి ఎరుపు దాకా సాగే పట్టీ మీద
ఒక బాణం గుర్తు పెట్టాలి.
ఇళ్లకు మార్కులేసే పంతులమ్మను.

యజమాని కూబిష్ గారికి మంచి అక్షరం కావాలి,
మార్చిలోగా అమ్ముకోవాలి.
బ్యాంకుకు రోజువారీ అంకెలు కావాలి,
ఒక్కసారి చూసి ఇచ్చేస్తామంటుంది,
అంకెను చూశాక ఎలా తిరిగిస్తారో చెప్పదు.
నగరపాలక సంస్థకు పటం కావాలి,
ఏ కప్పు ఎంత వేడిని
ఆకాశానికి ధారపోస్తోందో రంగులేసుకోడానికి.
రోస్విత పీచ్ గారికేం కావాలో రాసే గడి
నా ఫారంలో లేదు.

భాగించాను. అరవై ఒకటి.
మళ్లీ భాగించాను. అరవై ఒకటే.
నూట పదేళ్ల ఇటుక, ఒంటిపొర అద్దం,
తలుపు కింద వేలు దూరేంత సందు,
దీనికి ‘బి’ ఎలా వచ్చింది?

అప్పుడు రోజువారీ పట్టిక తెరిచాను.
తెరవకుండా ఉండాల్సింది.
నిరుడు జనవరిలో పదకొండు రోజులు సున్నా.
ఫిబ్రవరి మూడున మాత్రం
తెల్లవార్లూ మండింది,
ఎవరో వచ్చి ఉంటారు.
నాలుగు నుంచి మళ్లీ సున్నా.
గోడలకు చెవులుంటే ఉన్నాయి గానీ
మీటరుకు నోరుంది.

ఆరుగురి సగటులో ఒకరు దాక్కోవచ్చు.
ఒక్కరి సగటంటే
ఆ ఒక్కరే.

తలుపు తీసింది. వేళ్లు కత్తిరించిన ఉన్ని చేతొడుగులు.
నాటకశాల దుస్తులు బాగుచేస్తుందట,
ఒళ్లో ఏదో రాజుగారి ముఖమల్ అంగీ,
కుడుతోందో, కప్పుకుందో.
టీ ఇచ్చింది. దాని ఆవిరి పక్కనే
మా ఇద్దరి ఊపిరీ కనిపించింది.

“మీ పేరు ఎక్కడా ఉండదండీ,” అన్నాను,
చట్టం చెప్పిన మాట చెప్పినట్టే.
“పేరెందుకమ్మా,” అంది దారం కొరుకుతూ,
“ఈ ఇంట్లో వెలిగే కిటికీ ఒక్కటే.
టపా అతనికి తెలుసు.”

ఇంకో పద్ధతి ఉందన్నాను.
బిల్లులు వదిలేసి గోడల్ని కొలుస్తాను,
ఇటుక మందం, కప్పు వాలు, అద్దం పొర.
మనిషి జోలి ఉండదు.
నిజం బయటికొస్తుంది: ‘ఎఫ్’ వస్తుంది.
ఎంత గొప్ప మాట చెప్పానో అనుకున్నాను.

సూది ఆపింది.
“ఎఫ్ వస్తే కొన్నవాడు బాగుచేయిస్తాడు.
బాగుచేస్తే అద్దె పెంచుతాడు.
వెచ్చటి ఇంట్లో ఉండేది ఇంకెవరో.
బి వెయ్యి.
నేను చలికాచుకోలేదని మాత్రం
ఎక్కడా రాయకు.”

ఇంటి గుట్టు, ఆమె గుట్టు
ఒకే లెక్కలో కూర్చున్నాయి.
ఒకదాన్ని కప్పితే రెండోది బయటపడుతోంది.

కూబిష్ గారికి రెండు ధరలు పంపాను.
ఆయన చవకది ఎంచుకున్నాడు,
పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు.
బ్యాంకుకు రోజువారీ పట్టిక లేదన్నాను.
ఇవ్వనని అని ఉండాల్సింది, లేదన్నాను.

అనుమతి పత్రం మీద సంతకానికి
ఆమె చేతొడుగు తీసింది.
గోళ్ల కింద నీలం. పేరులో చివరి అక్షరం
గీత దాటి వణుకుతూ కిందికి జారింది.

పత్రం బయటికెళ్లింది. బాణం ఆకుపచ్చ మీద.
కొనబోయే దంపతులు చదువుకుంటారు:
వెచ్చటి ఇల్లు, తక్కువ ఖర్చు.
కింద నా సంతకం, నాది వణకలేదు.

రెండేళ్లకు ఆ ఫైలు చెరిపేయాలని నిబంధన.
తేదీ రాసిపెట్టుకున్నాను, చెరిపేస్తాను.
వంతెన మీద నిలబడి వెనక్కి చూశాను,
మూడో అంతస్తు, ఎడమవైపు.
కిటికీ దగ్గర ఎవరో రాజు
దీపం కిందికి వంగి
గుండీ కుట్టుకుంటున్నాడు.